సొంత డబ్బా: అక్కాతమ్ముళ్ల సంవాదం

తన పని గురించి తానే నలుగురిలో గొప్పగా చెప్పుకోవడాన్ని తెలుగులో సొంత డబ్బా కొట్టుకోవడం అంటారు. ఉద్యోగాల కోసం, వృత్తి పరిచయాల కోసం పుట్టిన లింక్డ్‌ఇన్ లాంటి వేదికల మీద ఆ డబ్బా ఇప్పుడు రోజూ మోగుతోంది. దాన్ని చూసి నవ్వే అలవాటూ దానితోపాటే పెరిగింది. కొత్త కొలువు, పదోన్నతి, ఆన్‌లైన్ కోర్సు సర్టిఫికెట్, సదస్సులో దిగిన ఫొటో, చివరికి ఊడిన ఉద్యోగం కూడా అక్కడ ఒక ప్రకటన అవుతుంది. ఆ ప్రకటనను స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్ గ్రూపులో వేసి నవ్వుకోవడం ఇంకొందరి కాలక్షేపం.

లింక్డ్‌ఇన్ 2003 మే 5న జనం ముందుకు వచ్చింది. రీడ్ హాఫ్‌మన్, మరికొందరు కలిసి కట్టిన ఈ వేదిక మొదట్లో బయోడేటాలు దాచుకునే అలమార లాంటిది. 2012లో పేరున్న ప్రముఖులకు అందులో వ్యాసాలు రాసే వీలిచ్చారు. 2014లో ఆ వీలు సభ్యులందరికీ దక్కడం మొదలైంది. ఈ వ్యవహారంలో అసలు మలుపు అదే. బయోడేటా అడిగినప్పుడు చూపేది, పోస్టు అడగకుండానే కళ్ల ముందుకు వచ్చేది. 2016లో మైక్రోసాఫ్ట్ 2,620 కోట్ల డాలర్లకు లింక్డ్‌ఇన్‌ను కొన్నది. ఆ బేరం కుదిర్చిన అధిపతి హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల. 2023 నాటికి సభ్యులు 100 కోట్లు దాటారు, భారతదేశంలోనే 10 కోట్లు దాటారు. 2024లో దాని తెరమీది మాటలకు తెలుగు రూపం కూడా వచ్చింది. పోస్టులు మాత్రం తెలుగువాళ్లు రాసినా ఎక్కువగా ఇంగ్లిషులోనే ఉంటాయి.

ఈ సంవాదంలో మాట్లాడేది జగిత్యాల జిల్లా మెట్‌పల్లిలో పుట్టి పెరిగిన అక్కాతమ్ముళ్లు. తమ్ముడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. నవ్వేవాళ్ల పక్షం అతనిది. అక్క ఎంకాం చదివి ఒక పసుపు అడ్తి దుకాణంలో లెక్కలు రాసి, జీఎస్టీ వచ్చిన 2017లోనే పిల్లల కోసం పని మానుకుంది. భర్త గల్ఫ్‌లో ఉంటాడు. ఏడేళ్ల తర్వాత మళ్లీ పని వెతుక్కుంటూ ఆమె కూడా ఆ వేదికలో చేరింది. చెప్పుకునేవాళ్ల పక్షం ఆమెది.

తమ్ముడు: అక్కా, మనింట్ల ఎవలికన్న కొలువు దొరికితే అమ్మ ఏమంటది? "మా పోరనికి నౌకరి అచ్చింది" అంటది. గంతే. అదే మాట ఆడ "ఐ యామ్ థ్రిల్డ్ అండ్ హంబుల్డ్ టు అనౌన్స్" అయితది. పులకరిచ్చిండట, వినయంతోటి తల వంచిండట, వంచిన తలతోటే ఊరంతటికి చాటుతున్నడట. వినయం ఉన్నోనికి చాటుడెందుకు?

అక్క: అమ్మ ఆ మాట పక్కింటామెకు చెప్తది. ఆమె బోరింగుకాడ ఇంకిద్దరికి చెప్తది. పొద్దుగూకేవరకు వాడకట్టంత తెలుస్తది. మరి హైదరాబాద్‌ల నీకు వాడకట్టేది తమ్మీ? పక్క ఫ్లాటోని పేరన్న ఎర్కనా నీకు? మోసుకపోయే మనిషి లేనోడు తన ముచ్చట తనే మోసుకపోవాలె.

తమ్ముడు: ముచ్చట మోసుకపొమ్మను, వద్దన్ననా? గని నిన్న ఒకడు రాసిండు. ఇంటర్వ్యూకు వోతుంటె దారిల ఆకలైన కుక్క కనవడ్డదట. దానికి బిస్కిట్లు పెట్టేవరకు ఆలస్యమైందట. అయినా కొలువిచ్చిన్రట, ఎందుకంటే ఆయన మనసు చూసిన్రట. ఒక్కొక్క ముక్క ఒక్కొక్క లైన్ల. ఆఖరికి "మీరేమంటరు?" అని అడుగుడు. నమ్మేటట్టున్నదా అది?

కుక్క కథ మీద వచ్చిన వెక్కిరింతలకు లెక్క లేదు. ఆ కుక్కే ఇంటర్వ్యూ చేసే అధికారి అని ముగిసే హాస్యం అందరికీ తెలిసినదే. అయితే పోస్టులన్నీ ఒకే మూసలో ఎందుకు పుడతాయన్నది నవ్వుతో తేలేది కాదు. తెర మీద పోస్టు మొదటి రెండు మూడు లైన్లే కనిపిస్తాయి. మిగతాది చదవాలంటే వేలు పెట్టి నొక్కాలి. అందుకే మొదటి లైను ఎప్పుడూ ఊరించేదే. "నిన్న నన్ను ఉద్యోగంలోంచి తీసేశారు." తర్వాత ఒక ఖాళీ. "జీవితంలో ఇంతకంటే మంచి రోజు లేదు." మళ్లీ ఖాళీ. ఒక పోస్టు ముందు మనిషి ఎంతసేపు ఆగాడో కూడా ఆ వేదిక కొలుస్తుంది. వాక్యాన్ని విరిచి ఖాళీలు పెంచితే పోస్టు పొడుగవుతుంది, చదువరి ఆగే సమయమూ పెరుగుతుంది. చివర ప్రశ్న అడిగితే కామెంట్లు వస్తాయి. కామెంట్లు వచ్చిన పోస్టే ఇంకా ఎక్కువమందికి కనిపిస్తుంది. ఇట్లా రాయమని ఎవరూ ఆజ్ఞ వేయలేదు. ఇట్లా రాసినవే పైకి తేలుతుంటే, చూసినవాళ్లు చూసినట్టు నేర్చుకున్నారు. కుక్కకు బిస్కిట్లు పెట్టిన పిల్లవాడిది స్వభావదోషం అనేకన్నా అతడు మూస నేర్చుకున్నాడు అనడమే న్యాయం.

తమ్ముడు: లైన్లు విరిస్తే కవిత్వమైతదా అక్కా? మన జగిత్యాల అలిశెట్టి ప్రభాకర్ సుత పొట్టి పొట్టి లైన్లే రాసిండు. ఒక్క మాట తీసేస్తే కూలిపోతది కవిత. వీళ్లయి మొత్తం తీసేసినా ఏం కూలది.

అక్క: ప్రభాకర్ కవితలకు బొమ్మలు గీసి, ఊరూర ప్రదర్శన పెట్టి గోడలకు తగిలిచ్చిండు గదా. ఎవలన్న వచ్చి చదువుతరని అల్మారల పెట్టి కూసోలే. బతుకుదెరువుకు ఫొటో స్టూడియో నడుపుకుంట, చేసిన పనిని నలుగురి కండ్లల్ల పడేసిండు. 1993ల పోయేనాటికి ఆయన చేతుల పైస లేదు. పని గొప్పదైతే లోకమే వెతుక్కుంట వస్తదనేటోళ్లు ఆయన చివరి దినాలు తలుచుకోవాలె.

తమ్ముడు: ఆయన గోడకు తగిలిచ్చింది కవితను. తన ఫొటోను కాదు.

ఈ జవాబు బలమైనది. దీని దగ్గరికి వాదం మళ్లీ రావలసి ఉంది. అంతకు ముందు తమ్ముడు ఇంకా పాత సాక్ష్యం తెచ్చాడు.

తమ్ముడు: కర్ణపర్వం యాద్ చేస్కో. కర్ణుని చేతుల దెబ్బతిని శిబిరంల ఉన్న ధర్మరాజు కోపంతోటి, గాండీవం ఇంకెవలికన్న ఇయ్యరాదని అర్జునుని అంటడు. ఆ మాట అన్నోన్ని చంపుతనని అర్జునుని ప్రతిజ్ఞ. అన్నను ఎట్ల చంపాలె? కృష్ణుడు తొవ్వ చూపిచ్చిండు. పెద్దోన్ని "నువ్వు" అని ఏకవచనంతోటి తక్కువ చేసి మాట్లాడితే చంపినట్టే అన్నడు. అన్నను అట్ల అన్నంక అర్జునునికి సిగ్గై తననే పొడుసుకోవోయిండు. అప్పుడు కృష్ణుడు, నిన్ను నువ్వు పొగుడుకో, అది ఆత్మహత్యతోటి సమానం అన్నడు. అంటె సొంత డబ్బ చావుతోటి సమానమని అప్పుడే తేలిపోయింది.

అక్క: తేలింది నిజమే. గని ఆ మాట చెప్పింది ఎవలు? అర్జునుని రథం తోలెటోడు. అర్జునుని గురించి లోకానికి చెప్పే మనిషి ఆయన రథం మీదనే కూసున్నడు. ఆయనకు పొగుడుకునే పనేమున్నది? వేమన కంచుకూ బంగారానికీ పెట్టిన పోలిక కూడ అంతే. బంగారం మోగది, ఒప్పుకుంట. దాన్ని మోగిచ్చి చూడాల్సిన అవసరం ఎవలికీ లేదు, చూడంగనే తెలుస్తది. పెద్ద కాలేజి పేరు, పెద్ద ఇంటి పేరు, పెద్ద ఆఫీసుల మేనమామ, ఇయన్ని బంగారం తమ్మీ. మన ఊరి డిగ్రీ కాలేజిల చదివినోడు మోగకపోతే ఆడొకడు ఉన్నడని ఎవలికి తెలుస్తది?

సిఫారసు ఉన్నవాడికి వినయం సులువు. ఈ వాదంలో అక్క చెప్పిన మాటల్లో ఇది అన్నిటికంటే బరువైనది. నవ్వేవాళ్లు తరచూ మరిచేది కూడా ఇదే. 2022 చివర, 2023 మొదట్లో అమెరికా కంపెనీలు పెద్ద ఎత్తున ఉద్యోగాలు తీశాయి. మెటా 11,000 మందిని, గూగుల్ 12,000 మందిని, మైక్రోసాఫ్ట్ 10,000 మందిని తీసేస్తున్నట్టు ప్రకటించాయి. హెచ్-1బీ వీసా మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోయిన తర్వాత దొరికే గడువు గరిష్ఠంగా 60 రోజులు. ఆలోపు ఇంకో కంపెనీ తీసుకోకపోతే దేశం విడవాలి, లేదా వీసా స్థితి మార్చుకోవాలి. ఆ వీసాల మీద ఉన్నవాళ్లలో తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలోనే ఉంటారు. ప్రొఫైల్ ఫొటో చుట్టూ పని కావాలని చెప్పే ఆకుపచ్చ పట్టీ పెట్టుకుని, ఇంటి అద్దె, పిల్లల బడి, తనకు మిగిలిన రోజులు లెక్కబెట్టి రాసిన పోస్టులు ఆ నెలల్లో కుప్పలుగా వచ్చాయి. వాటిలోనూ అదే మూస ఉంది, అవే విరిగిన లైన్లు ఉన్నాయి. అయినా వాటిని చూసి నవ్వడం తప్పు. గడువు ముంచుకొచ్చినవాడు చేతికి అందిన డబ్బానే కొడతాడు.

తమ్ముడు: అవసరమున్నోన్ని చూసి నేను నవ్వలే అక్కా. అవసరం లేనోళ్ల సంగతేంది? 2022ల అమెరికల ఒక చిన్న కంపెనీ అధిపతి ఇద్దరు ఉద్యోగులను తీసేసి, తను ఏడుస్తున్న ఫొటో తీసుకొని పెట్టిండు. నౌకరి పోయింది వాళ్లకు, కండ్ల నీళ్లు ఈయనకు. ఓదార్పు సుత ఈయనకే కావాలె.

అక్క: దానికి నవ్వితే నేను అడ్డం రాను.

తమ్ముడు: అదే ఏడాది మన దేశంల బాంబే షేవింగ్ కంపెనీ అధిపతి శంతను దేశ్‌పాండే, ఉద్యోగంల కొత్తగ చేరిన ఇరువై రెండేండ్ల పిల్లలు నాలుగైదేండ్లు రోజుకు 18 గంటలు పని చెయ్యాలె అని రాసిండు. పడి నవ్విన్రు, తిట్టిన్రు. అది తప్పా?

అక్క: మాటను తిట్టుడు తప్పు గాదు. ఆయన క్షమాపణ చెప్పినంక ఏమైంది? ఆయన అమ్మానాయినలకు సుత మెసేజులు పంపిన్రు. ఇగ ఆ వేదిక మీద ఉండనని చెప్పి వోయిండు. పద్దెనిమిది గంటల ముచ్చటకు జవాబు చెప్పాల్సింది పోయి, ముసలోళ్ల ఫోన్లకు తిట్లు పంపితే దాన్ని ఏమంటరు తమ్మీ?

తమ్ముడు దీనికి జవాబు చెప్పలేదు. చెప్పడానికి పెద్దగా లేదు కూడా. బలమున్నవాడి నటనను బయటపెట్టే వెక్కిరింత సమాజానికి అవసరం. పగటి వేషగాళ్ల కాలం నుంచీ తెలుగు పల్లె దాన్ని ఎరుగును. అయితే వెక్కిరింత మాటను వదిలి మనిషి వెంట పడ్డప్పుడు, మనిషినీ వదిలి ఇంటివాళ్ల వెంట పడ్డప్పుడు అది వేట అవుతుంది. వాట్సాప్ గ్రూపుల్లో ఈ రెంటికీ మధ్య గీత చాలా త్వరగా చెరిగిపోతుంది. స్క్రీన్‌షాట్‌లో పేరు అట్లాగే ఉంటుంది. ఆ పేరు గలవాడిది మొదటి ఉద్యోగమా, పదో ఉద్యోగమా అని ఎవరూ చూడరు.

తమ్ముడు: సరే, పెద్దోళ్ల ముచ్చట విడిచిపెడుదాం. అమ్మ సంగతి చెప్పు. ఇరువై ఏండ్లు ఒళ్లె చాట పెట్టుకొని బీడీలు చేసింది. రోజుకు వెయ్యి చేసిన దినాలున్నయి. ఎన్నడన్న చెప్పుకున్నదా? ఆకు కత్తిరిచ్చుడు, తంబాకు నింపుడు, దారం చుట్టుడు, అన్ని చేసి మనకు అన్నం సుత వండింది. పని అంటే అది. చప్పుడు లేదు.

అక్క: చప్పుడు లేదు. అందుకే కార్ఖానల లెక్క చూసేటాయన బాగలేవని కట్టలకు కట్టలు తీసేస్తే సుత అడగలే. ఆ తీసేసినయి ఏమైనయో ఎవలికి ఎర్క? ఆమె నోరు తెరవకపోవుడును ఓపిక అని మెచ్చుకున్నం మనమందరం. ఆమె చేతులకు వచ్చిన పని సంగతి నువ్వు, నేను తప్ప ఇంకో మనిషికి తెలవది. అది గొప్పతనమని నువ్వు అనుకుంటున్నవు. నాకైతే అది నష్టం.

మెట్‌పల్లి, కోరుట్ల ప్రాంతాల్లో బీడీలు చుట్టి పిల్లలను చదివించిన తల్లులు వేలల్లో ఉన్నారు. కూలి వెయ్యి బీడీల లెక్కన కడతారు. ఆ వెయ్యి వెనక ఎంత నేర్పు ఉందో రాసి పెట్టే బయోడేటా ఎక్కడా లేదు. పని చెప్పుకోవడం చెడ్డది అనే నీతి, చెప్పుకోకపోతే నష్టపోయేవాళ్ల మీదనే ఎక్కువ బరువుగా పడుతుంది. అక్క పక్షం ఇక్కడ గట్టిగా నిలబడుతుంది. అయితే తమ్ముడు ముందే వేసిన ప్రశ్న ఇంకా అట్లాగే ఉంది: గోడకు తగిలించవలసింది కవితనా, ఫొటోనా?

ఈ ప్రశ్నకు దారి పక్క జిల్లాలోనే దొరుకుతుంది. సిరిసిల్ల నేత కళాకారుడు నల్ల పరంధాములు అగ్గిపెట్టెలో పట్టే చీర నేశారు. చీర ఉండేది కట్టుకోవడానికి. దాన్ని అగ్గిపెట్టెలో పట్టించాల్సిన అవసరం ఏ ఇల్లాలికీ లేదు. ఆ చీర నేసింది మగ్గం మీద చెయ్యి ఎంత సన్నగా ఆడగలదో లోకానికి చూపడానికే. అంటే అదీ ఒక ప్రకటనే, నిండా సొంత ప్రకటన. అయినా దాన్ని చూసి ఎవరూ వెక్కిరించలేదు. అగ్గిపెట్టె తెరిస్తే లోపల చీర ఉంది. విప్పి కొలుచుకోవచ్చు. జగిత్యాల జిల్లా మల్యాల మండలం లంబాడిపల్లి నుంచి వీడియోలు చేసే మై విలేజ్ షో గంగవ్వకు దేశమంతా అభిమానులు దొరకడంలోనూ ఇదే ఉంది. ఆమె తన ఊరి మాటనే మాట్లాడింది, అరువు తెచ్చుకున్న మాట ఒక్కటీ లేదు.

తమ్ముడు: అగో, నేను చెప్పేది అదే. చీర చూపియ్యి. "చీర నేసే తొవ్వల నేను నేర్చుకున్న ఏడు పాఠాలు" అని రాయకు.

అక్క: ఒప్పుకుంట. గని చీర చూపియ్యాలన్నా పెట్టె తెరువాలె గదా. పెట్టె తెరిచెటోన్ని చూసి ముందే నవ్వితే, లోపల చీర ఉన్నదో లేదో నీకెట్ల తెలుస్తది?

ఇక్కడ ఇద్దరి వాదాలూ దగ్గరికి వచ్చాయి. పని చెప్పుకోవడానికీ గొప్పలు చెప్పుకోవడానికీ తేడా గొంతులో వెతికితే దొరకదు, వివరంలో దొరుకుతుంది. "అసాధారణ నాయకత్వంతో అద్భుత ఫలితాలు సాధించాను" అనే వాక్యాన్ని ఎవరూ పరీక్షించలేరు. "మూడు నెలల జీఎస్టీ రిటర్నులు ఆగిపోయి ఉంటే పది రోజుల్లో కొనుగోలు బిల్లులన్నీ సరిచూసి దాఖలు చేశాను" అంటే, ఆ దుకాణానికి ఫోన్ చేసి అడగవచ్చు. మొదటి వాక్యం పెద్దగా కనిపిస్తుంది, పట్టుకుందామంటే అందులో ఏమీ ఉండదు. రెండోది చిన్నది. అబద్ధమైతే దొరికిపోతుంది కాబట్టి రాసినవాడే దానికి పూచీ పడుతున్నాడు. భాష సంగతీ ఇంతే. అరువు మాటలతో రాసినప్పుడు మనిషికి తన పని తనకే దూరంగా కనిపిస్తుంది. ఇంట్లో చెప్పుకునే మాటలో రాస్తే చిన్న పని కూడా ఉన్నంత కొలతలో కనిపిస్తుంది.

అక్క తన పోస్టు తీసి చూపించింది. అందులో ఇట్లా ఉంది: "ఎంకాం చదివాను. మెట్‌పల్లిలో పసుపు అడ్తి దుకాణంలో మూడేళ్లు లెక్కలు రాశాను. 2017 నుంచి ఏడేళ్లు ఉద్యోగం చేయలేదు, ఇద్దరు పిల్లలను పెంచాను. నేను మానేసిన తర్వాత వచ్చిన జీఎస్టీ పనిని ఇంట్లోనే నేర్చుకున్నాను. జీఎస్టీఆర్-1, 3బీ రిటర్నులు, టాలీలో పద్దులు చేయగలను. పొద్దున 10 నుంచి సాయంత్రం 4 వరకు పని చేస్తాను."

తమ్ముడు: ఏడేండ్ల ముచ్చట తీసెయ్యక్కా. అది చూస్తే పిలువరు.

అక్క: తీయ. అది తీసేస్తే మిగిలింది సుత నమ్మబుద్ది కాదు. నువ్వు ఇంకొకటి చెయ్యి. నీకు కుర్క్యాల శాసనం ఎర్కనే గదా?

కరీంనగర్ జిల్లా గంగాధర మండలం కుర్క్యాల దగ్గర బొమ్మలమ్మగుట్ట మీద పదో శతాబ్దపు శాసనం ఒకటి ఉంది. వేయించినవాడు జినవల్లభుడు. వేములవాడ చాళుక్యుల ఆస్థానంలో ఉండి కన్నడంలో ఆదికవిగా పేరు పొందిన పంపనికి ఇతను తమ్ముడు. సంస్కృతం, కన్నడం, తెలుగు మూడు భాషల్లోనూ రాయించిన ఆ శాసనంలో అన్న ఘనత ఉంది. తెలుగులో కంద పద్యాలు ఎంత పాతవో చెప్పే గట్టి ఆధారాల్లో అది ఒకటి. తెలుగుకు ప్రాచీన హోదా అడిగినప్పుడు కూడా ఈ శాసనం మాట వచ్చింది. అంత విలువైన ఆధారం నిలిచింది ఒక తమ్ముడు తన అన్న గురించి నాలుగు మాటలు బండ మీద చెక్కించాలనుకోవడం వల్ల. లింక్డ్‌ఇన్‌లో కూడా ఒకరి పనిని చూసినవాళ్లు వాళ్ల గురించి సిఫారసు రాసే చోటు ఉంది. సొంత పోస్టులతో పోలిస్తే ఆ చోట కనిపించేవాళ్లు తక్కువే.

అక్క: జినవల్లభుడు అన్న కోసం బండ చెక్కిచ్చిండు. నువ్వు నా గురించి నాలుగు లైన్లు టైపు చెయ్యవా తమ్మీ? పొగడకు. నువ్వు కండ్లతోటి చూసిందే రాయి.

తమ్ముడు ఫోన్ తీసుకుని చాలాసేపు రాసి, చెరిపి, మళ్లీ రాశాడు. చివరికి మిగిలింది ఇది: "ఈమె మా అక్క. నా మొదటి ఉద్యోగంలో ఆదాయపు పన్ను రిటర్ను ఈమే దాఖలు చేసింది. నేనిచ్చిన ఫారం 16లో ఇంటి అద్దె మినహాయింపు తప్పు పడిందని పట్టుకుంది. కంపెనీ వాళ్లు దిద్ది కొత్త ఫారం ఇచ్చారు."

అక్క: మంచిగున్నది. మొదటి మాట తీసెయ్యి. తమ్ముడే రాసిండు అంటే విలువ ఉండది.

తమ్ముడు: అది ఉండాలె అక్కా. నేనెవలినో తెలిస్తెనే, నేను చెప్పినదాన్ని ఎంత నమ్మాల్నో చదివెటోళ్లకు తెలుస్తది.